ఇసుక మూల

ఆ మూలలో ఇసుక అంత మెత్తగా ఎందుకుందో నాకు ఎవరూ చెప్పలేదు. సంత మొత్తానికీ తెలుసు. చింతపండు అమ్మే అవ్వకు తెలుసు, ఆశీలు వసూలు చేసే మనిషికి తెలుసు, టీ అంగడి వాళ్లకు తెలుసు. సంతలో తిరిగే కుక్కకు కూడా తెలుసేమో, అది ఒక్కరోజైనా ఆ ఇసుక మీద పడుకోగా చూడలేదు. తెలియనిది నాకొక్కదానికే. ఇప్పుడు ఎవరిని నిలదీసినా ఒకటే మాట: "అప్పటికి నీకు బోణీ కాలేదు గదమ్మా, ఎట్ల సెప్తాం?" అది జవాబనుకుంటారు వాళ్లు. నేననుకోను.

నేను సంతకు పోవడానికి కారణం మా వదిన, అంటే మా ఆయన అక్క. చిత్తూరులో ఆమె కొత్తింట్లో పాలు పొంగించిన రోజు భోజనాలకు వడియాలు నేనే పెట్టి తీసుకుపోయాను. నాకు ఆకు వేసింది చివర, చేతులు కడుక్కునే తొట్టి పక్కన. వచ్చేవాళ్ల చేతుల నీళ్లు నా విస్తరి మీద చిందుతున్నాయి. అది కూడా ఓర్చుకున్నాను. వడ్డన మధ్యలో వదిన వడియాల పళ్లెం ఎత్తి పట్టుకుని అందరికీ వినపడేలా అంది: "ఇవి మా తమ్ముని పెండ్లాం పెట్టినివి. పండ్లు గట్టిగుండేవాళ్లే తినండబ్బా!"

పందిరంతా నవ్వింది. నవ్వినవాళ్లు ఎవరెవరో నాకు ఇప్పటికీ గుర్తే. అంతటితో ఆపినా సరిపోయేది. "సంతలో పెడితే కుక్క గూడా మూతి పెట్టదు" అని కూడా అంది.

నేను ఆకు ముందు నుంచి లేచాను. "సంతలోనే పెడతా వదినా. అమ్మి సూపిస్తా. అమ్మలేకపోతే ఈ జన్మలో మళ్లా పిండి ముట్టను" అన్నాను.

"ముట్టాకు తల్లీ. మా తమ్ముడు బతికిపోతాడు" అంది.

మళ్లీ నవ్వులు. మా ఆయన కూడా తల దించుకుని నవ్వాడు. కాదంటాడు గానీ భుజాలు కదలడం నేను చూశాను.

ఆ ఎండాకాలమంతా మా మిద్దె మీదే గడిపాను. తిరుపతిలో మా ఇంటి చుట్టూ అందరూ యాత్రికులకు గదులు అద్దెకిచ్చుకుంటుంటే, నేను పాత పంచెలు పరిచి బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టాను. అప్పళాలు ఒత్తాను. మిరపకాయలకు గాట్లు పెట్టి మజ్జిగలో నానబెట్టి ఎండేశాను. వడియం ఎండిందో లేదో చెవి దగ్గర పెట్టి ఊపితే తెలుస్తుంది, గలగలమనాలి. గలగలమనని వాయి ఏదీ సంచిలోకి పోనివ్వలేదు. కళ్లు మంటలెత్తి, మెడ కమిలి నల్లబడింది. వాటిని వానాకాలంలోనే అమ్మాలి. కూరగాయల ధరలు పిరమైనప్పుడే జనానికి వడియాలు గుర్తొస్తాయి.

చంద్రగిరి దాటినాక కొండ కింద జరిగే వారపు సంత చూసుకున్నాను. తిరుపతి మార్కెట్లో చోటు దొరకదు, దొరికినా మాలాంటివాళ్లను కూర్చోనివ్వరు. ఈ సంతలో మాత్రం కూర్చోనిచ్చారా? వరసంతా తిరిగాను. ఖాళీగా కనపడ్డ ప్రతిచోటా ఒక ఇటుక ఉంది. "ఇటిక పెట్టినాం సూళ్లేదా? మా అక్క కూసుంటాది ఈడ" అని ఒకామె. "ఇది మా మామ సోటు, ఆయన కాలు ఇరిగి ఇంట్లో ఉండాడు" అని ఇంకొకతను. ఆ మామ కాలు ఇప్పటికీ అతుక్కోలేదు, నేను ప్రతి వారం చూస్తున్నాను.

వరసలో చివర, ఎత్తుగా పేర్చిన బండల మీద చింతపండు తట్ట పెట్టుకుని ఒక అవ్వ కూర్చుని ఉంది. కొంచెం జరగమని అడిగాను. ఆమె నా మొహం చూడలేదు, చేతులు చూసింది.

"సంత చేతులు గావే ఇవి. ఏం అమ్ముతావు పాపా?"

"వడియాలు, అప్పళాలు."

"నీళ్లు తగలగూడని సరుకు" అంది. నన్ను కాదు, తనకు తానే చెప్పుకున్నట్టు. కాసేపు కొండవైపు చూసి, "వానాకాలంలోనే మొదులుపెట్టల్లా? పండగ దాటినాక రాగూడదా?" అంది.

నన్ను తరమడానికి సాకు అనుకున్నాను. "పండగ దాటినాక నీ సోటు నాకిస్తావా అవ్వా?" అన్నాను.

"నోరు మాత్రం సంత నోరే" అంది. పక్కనున్న కొబ్బరికాయలామె పకపకా నవ్వింది.

ఆశీలు మనిషి అప్పుడే వచ్చాడు. చోటు కావాలని చెప్పాను. గడ్డం గీరుకుంటూ అవ్వ బండల పక్కన, కంచె ఆనుకుని ఉన్న మూల చూపించాడు. "అది ఖాళీగానే ఉండాదక్కా. కావాలంటే కూసో."

"ఇటిక లేదే?"

"ఆడ ఎవురూ ఇటిక పెట్టరు."

ఎందుకు పెట్టరని అడిగి ఉండాల్సింది అని మా ఆయన ఇప్పటికీ అంటాడు. ఎందుకు అడుగుతాను? అంతసేపూ నన్ను కుక్కను తోలినట్టు తోలారు, ఒక్క మనిషి చోటు ఇచ్చాడు. పైగా నేను "సరే" అనగానే వరసంతా మాట మానేసింది. కొబ్బరికాయలామె నవ్వు కూడా ఆగిపోయింది. అవ్వ నోరు తెరిచి, మూసి, తట్టలో చింతపండు సర్దుకుంది. నాకు మంచి చోటు దొరికిందని కుళ్లు అనుకున్నాను. చోటు నిజంగానే బాగుంది. తక్కిన సంతంతా రాళ్లు, పేడ. ఈ మూలలో మాత్రం జల్లెడ పట్టి పరిచినట్టు సన్నటి ఇసుక, ఒక్క గడ్డిపరక లేదు.

ఇక్కడ మా పక్క పద్ధతి ఒకటి చెప్పాలి. మేము బియ్యం అయిపోయాయనము, నిండుకున్నాయంటాము. దీపం ఆరిందనము, కొండెక్కిందంటాము. కొత్తగా అంగడి పెట్టే మనిషి దగ్గర ఈ పట్టింపు ఇంకా గట్టిగా ఉంటుంది. చోటు ఒప్పుకున్నది మొదలు తొలి బేరం జరిగేదాకా ఆ మనిషి ముందు వాన, నష్టం, చావు అనే మాటలు ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఆ కీడు అంగడికి తగులుతుంది, అన్న నోటికీ చుట్టుకుంటుంది. మా అమ్మ నాకు అన్నం ముద్దతో పాటు తినిపించిన నమ్మకం ఇది. నేనూ పాటించాను. అందుకే తర్వాతి సంగతి చెప్పడానికి నాకేమీ వెనకాడాల్సిన పని లేదు.

సంతకు ముందు రోజు మా ఆయన ఆటోలో పోయి చోటు చూసి వచ్చాము. ఆయన కంచె దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ముళ్ల తీగకు గడ్డి, చింపిరి గుడ్డలు, ప్లాస్టిక్ కవర్లు చిక్కుకుని ఉన్నాయి. అన్నీ ఒకే ఎత్తులో, నా నడుము దాకా, గీత గీసినట్టు.

"ఈ చెత్త ఇంతెత్తుకు ఎట్ల ఎక్కిందబ్బా?" అన్నాడు.

"గాలికి" అన్నాను.

"గాలికైతే పైనా కిందా ఉండాల గదా..."

ఆయన కొండకేసి తల తిప్పాడు. పై నుంచి ఒక వంక దారి, ఎండిపోయి తెల్లగా, కంచె దాకా వచ్చి ఆగినట్టు కనిపిస్తోంది. కొండ నెత్తిన మబ్బు కూర్చుని ఉంది. ఆయన ఏదో అనబోయాడు. "బోణీ కాకముందు ఆ నోరు తెరవొద్దు" అన్నాను.

పాత మంచం పలకలతో ఎత్తుగా బల్ల కొట్టిస్తానన్నాడు. వద్దన్నాను. ఇంత మెత్తటి ఇసుక ఉంటే బల్ల ఎందుకు? పట్ట పరిస్తే చాలు. ఇప్పుడు దీన్ని ఎత్తి చూపేవాళ్లకు నా ప్రశ్న ఒకటే: ఇసుక గురించి తెలిసినవాళ్లు ఎంతమంది ఉన్నారు, నన్నే ఎందుకు అడుగుతారు?

ఆ రాత్రే వదిన ఫోన్ చేసింది. "రేపు నీ అంగడి సూడ్డానికి వస్తుండా. నాక్కూడా కొంచెం మిగల్చు" అంది. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు.

పొద్దున మా ఆయన నన్ను, సరుకును దింపి తిరుపతికి బాడుగకు పోయాడు. సంత మీద ఎండ పడుతోంది. ఆకాశం కడిగినట్టు ఉంది. కొండ మీద మాత్రం రాత్రి మబ్బు కదలలేదు, నల్ల కంబళి కప్పుకున్న మనిషిలా వంగి కూర్చుని ఉంది. పట్ట పరిచి వడియాల సంచి మధ్యలో పెట్టాను. ఒక పక్క అప్పళాల డబ్బా, ఒక పక్క మిరపకాయలు. సరుకు సర్దుతుంటే కంచె తీగ మీద ఎర్రచీమలు కనిపించాయి. నోట తెల్లటి గుడ్లు కరచుకుని వరసగా పైకి పోతున్నాయి. ఒక్కటీ కిందికి రావడం లేదు. సరుకులోకి పాకుతాయేమోనని పట్ట చుట్టూ పసుపు చల్లాను.

జనం వచ్చారు. ముందు కూరగాయల వైపు పోయారు. నా ముందు ఆగినవాళ్లు చూసి, మూల చూసి, ముందుకు సాగారు. కొబ్బరికాయలామె కేకేసింది: "బోణీ అయిందా వడియాలక్కా?"

"కాలా."

కాసేపటికి టీ అంగడతను గ్లాసు ఇచ్చి అడిగాడు: "బోణీ అయిందా?"

"కాలా."

ఆశీలు మనిషి వచ్చాడు. రసీదు చింపబోయి ఆగి, "బోణీ కానీలే, మళ్లా వస్తా" అని పోయాడు. పోతూ పోతూ కొండ వైపు చూశాడు. అప్పుడు గమనించాను, వరసలో అందరూ మాటిమాటికీ కొండ వైపే చూస్తున్నారు. నావైపు చూసి, కొండ వైపు చూసి, మళ్లీ నావైపు. ఎగతాళి అనుకున్నాను. వదినే ముందుగా వీళ్లందరికీ చెప్పి పెట్టిందేమోనని కూడా అనుకున్నాను. అంత పని చేయగలదు ఆమె.

ఎండ నెత్తికెక్కేసరికి అవ్వ బండల మీది నుంచి దిగింది. మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి నా పట్ట ముందు కూర్చుంది. పిడికెడు మిరపకాయలు తీసి, "తూకం వెయ్యి" అంది. వేశాను. బేరమాడకుండా చీర కొంగు విప్పి డబ్బులిచ్చింది. నేను వాటిని కళ్లకద్దుకున్నాను.

"అయిందా?" అంది.

"అయింది అవ్వా."

"అయితే ఇప్పుడు ఇను. లెయ్. సరుకెత్తు. నీళ్లొస్తాయి ఈడికి."

ఆకాశం కేసి చూశాను. "ఏం నీళ్లు? ఇంత ఎండ కాస్తా ఉంటే!"

"ఈడ ఎండే పాపా. కొండలో తెల్లార్జామున్నించీ కురస్తా ఉండాది. ఈ మూల వంక కడుపు. పోయినేటి వాన నీళ్లే ఈ ఇసిక తెచ్చి పోసినాయి. ఇప్పుడు మళ్లా వస్తాయి."

చెప్పింది చెప్పినట్టు విని లేవబోయాను. నిజం, కాళ్లు కూడదీసుకున్నాను. అప్పుడే బస్సు దిగి, కొత్త చీర, కొత్త చెప్పులతో, మా వదిన వరస మధ్యలోంచి వస్తూ కనిపించింది. దూరం నుంచే గొంతెత్తింది: "ఏమ్మే! అప్పుడే మూట గడతాండావా?"

నేను మళ్లీ కూర్చున్నాను.

"లెయ్ పాపా" అంది అవ్వ.

"నీ కోడలికి కావాల్నా ఈ సోటు?" అన్నాను. "నిన్నటిదాకా నోరిప్పనిదానివి, ఇప్పుడేంది ఇంత ప్రేమ?"

అవ్వ నన్ను తిట్టలేదు. "బోణీ కాందే ఎట్ల సెప్తా?" అని మాత్రం అంది. తర్వాత చేతికందిన మిరపకాయల గంప తనే ఎత్తి బండల మీద పెట్టుకుంది. దొంగతనం చేస్తోందని నేను అరిచాను.

వదిన వచ్చి నడుముల మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏం అమ్మినావు?"

"బోణీ అయింది."

"ఎవురు కొన్నారు?"

"ఈ అవ్వ."

"పండ్లు లేని అవ్వా! సప్పరించి సప్పరించి తింటాదిలే" అంది వదిన.

నాకు చప్పుడు వినిపించలేదు. అరికాళ్ల కింద పట్ట చల్లబడింది, అంతే. ఇసుక రంగు మారింది. తెల్లగా ఉన్నది గోధుమరంగుకు తిరిగి, కింది నుంచి ఎవరో తడిగుడ్డ అద్దినట్టు మరకలు లేచాయి. కంచె మొదట్లో వేలు లావు ధార ఒకటి ఎండుటాకులను తోసుకుంటూ పాకి వచ్చింది. వరసలో అందరూ ఒక్క మాటైనా లేకుండా తమ తట్టలు బండల మీదికి ఎత్తుకుంటున్నారు. ఆ మౌనం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పిల్లల్ని సంకనేసుకున్నారు, తక్కెళ్లు తీసి పెట్టుకున్నారు, అలవాటైన పని చేసుకుంటున్నట్టు. ఆ తర్వాతే వంక లోపలి నుంచి, లారీ ఘాటు రోడ్డు దిగుతున్నట్టు హోరు వినిపించింది.

ఎర్రనీళ్లు ఒక్కసారిగా వచ్చాయి. నురగ, కట్టెపుల్లలు, చచ్చిన తొండ ఒకటి. నేను సంచి మీద పడి పట్టుకున్నాను. నీళ్లు నడుము దాకా లేచి నన్ను కంచెకు నొక్కాయి. తీగకు చిక్కుకున్న చెత్త గీత సరిగ్గా నా పక్కటెముకల పక్కన ఉంది. అంత ఎత్తుకు ఎలా ఎక్కిందో అప్పుడు తెలిసింది. అవ్వ, కొబ్బరికాయలామె, టీ అంగడతను చేతులు కలిపి నన్ను రెక్క పట్టి బండల మీదికి లాగారు. సంచి జారిపోయింది. జారలేదు, నా చేతులే విప్పారు. "సంచి వదులు, సచ్చిపోతావే!" అని అవ్వ నా వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. ఎండాకాలమంతా పెట్టిన వడియాలు ఎర్రనీళ్లలో తెల్లగా విచ్చుకుని, పూలు వదిలినట్టు తేలుతూ సంత దాటి పోయాయి.

వదిన టీ అంగడి గుంజ పట్టుకుని నిలబడి ఉంది. నెత్తి మీద నా అప్పళాల డబ్బా ఉంది. కాలికి ఒకటే చెప్పు మిగిలింది.

నీళ్లు తీసినాక అందరికీ నోళ్లొచ్చాయి. బోణీ అయిపోయింది కదా, ఇక అడ్డేముంది! నాకు ముందు ఆ మూలలో కూర్చున్న దుప్పట్లతను ఏమయ్యాడో ఒకరు చెప్పారు. గాజులామె గంపతో పాటు కొట్టుకుపోతే తుమ్మచెట్టుకు చిక్కుకుని బతికిందని, మళ్లీ ఈ దిక్కుకు రాలేదని ఇంకొకరు. "ఆయమ్మకు గూడా బోణీ కాలా పాపం, సెప్పలేకపోయినాం" అంది కొబ్బరికాయలామె, ఏదో వంట సంగతి చెప్తున్నట్టు. నేను తడిసిన చీరతో వణుకుతూ ఒక్కొక్క మొహం చూశాను. ఇందరు మంచివాళ్లు. ఇందరికీ తెలుసు.

ఆ రోజు అవ్వ బండ మీద ఓ మూలన కూర్చుని మిరపకాయలు, అప్పళాలు అమ్మాను. పొద్దు గూకకముందే నిండుకున్నాయి. జాలిపడి కొన్నారని వదిన అంటుంది. కొన్నారు కదా. అమ్మి చూపిస్తానన్నాను, చూపించాను. వడియాల సంగతి వేరే. అవి అమ్ముడుపోక మిగిలినవి కావు. ఆమె మాత్రం ఏ ఇంట్లో శుభకార్యం జరిగినా ఈ కథ మొదలుపెడుతుంది. "దాని సంతకు పోయి కొత్త చెప్పు పోగొట్టుకున్నా. నేను ల్యాకుంటే ఆ డబ్బా గూడా దక్కేది గాదు" అంటుంది. డబ్బా ఎత్తింది నిజమే. కానీ ఆమె ఆ నిమిషాన రాకపోయి ఉంటే నేను లేచి ఉండేదాన్ని. ఈ మాట ఆమె మొహాన అన్నాను. "లెయ్యొద్దని నేనన్నానా?" అంది.

నేను పిండి మానలేదు. మరుసటి ఎండాకాలం మళ్లీ పెట్టాను. అవ్వ తన బండల్లో కొంచెం జరిగి నాకు చోటిచ్చింది, నా పేరున ఒక ఇటుక కూడా పెట్టించింది. ఇద్దరం ఒక గొడుగు కిందే కూర్చుంటాము. ఆమె తెచ్చిన సంగటి తింటాను, నా అప్పళం ఆమె నానబెట్టుకుని తింటుంది. నా ప్రాణం పట్టి లాగింది కూడా ఆమే. అయినా వారం ముందే చెప్పగలిగినది చెప్పలేదు. ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు. అడిగినప్పుడల్లా ఆమె "బోణీ కాలా" అంటుంది, నేను మళ్లీ అడుగుతాను.

ఈ ఏడు వానలు మొదలైనాక ఒక జంట వచ్చింది. దూది దిండ్లు అమ్ముతారట. వరసంతా తిరిగి, ఇటుకలు చూసి, వాడిపోయిన మొహాలతో మా దగ్గరికొచ్చారు. ఆశీలు మనిషి గడ్డం గీరుకున్నాడు. "ఆ మూల ఖాళీగానే ఉండాదమ్మా. కావాలంటే కూసో."

ఆమె ఇసుక తొక్కి చూసింది. మొహం విప్పారింది. వరస నిశ్శబ్దమైపోయింది.

నేను లేచాను. అవ్వ నా తొడ గిచ్చింది. "ముందు ఒక దిండు కొను. బోణీ చేసి సెప్పు."

"ఎందుకు కొనాల?" అన్నాను. గట్టిగానే అన్నాను, అందరికీ వినపడాలని. "అమ్మా, ఆడ కూసోవద్దు. కొండలో వానొస్తే ఆడికి నీళ్లొస్తాయి. నా సరుకంతా పోయింది ఆడనే."

దిండ్లామె మొహం నల్లబడింది. భర్త చెయ్యి పట్టుకుని, "బోణీ కాకముందే ఇదేం నోరమ్మా నీది! మంచి మాటే రాదా? సోటు మీద కన్ను పడి సెప్తాండావు" అంది. వరసలో ఎవరూ నా తరఫున పెదవి విప్పలేదు. కొబ్బరికాయలామె చెంపలేసుకుంది. అవ్వ ఆ పూటంతా నాతో మాట్లాడలేదు, గొడుగు కూడా తన వైపుకే తిప్పుకుంది.

దిండ్లామె ఇసుక మీద పట్ట పరిచింది. తెల్లటి దిండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చింది. నావైపు చూసే చూపు ఎలాంటిదో నాకు తెలుసు, ఆమె నా మాటను ఎన్నేళ్లైనా మరిచిపోదు. సంత మీద ఎండ బాగా కాస్తోంది. ఆమె వెనకాల, కంచె తీగ మీద, ఎర్రచీమలు తెల్లటి గుడ్లు కరచుకుని వరసగా పైకి పోతున్నాయి.